ముంతగెడ్డ మండలంలో ఆవు కష్టపడరాదు

ముంతగెడ్డ మండల పశువైద్యశాలలో డాక్టరుగారి కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీ. కుర్చీకేం, రోజూ తుడుస్తూనే ఉన్నారు, వీపు మీద తువ్వాలు మారుస్తూనే ఉన్నారు. మండలంలోని నాలుగు వేల పశువుల మంచీచెడ్డా మాత్రం సహాయకుడు అప్పలసూరి నెత్తిన పడింది. అప్పలసూరి బక్కపలచని మనిషి. చేతులు మాత్రం దేవుడు కొలత మరిచిపోయి ఇచ్చినట్టు పొడుగు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుడిచెయ్యి భుజం దాకా సబ్బునురగ పూసుకుని ఆవుల కడుపుల్లోకి వెళ్ళడం, మెడ తిప్పుకున్న దూడల్నీ కాళ్ళు ముడుచుకున్న దూడల్నీ సరిచేసి లోకానికి పట్టుకురావడం చేస్తోంది. ఊళ్ళలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "సెయ్యిబాబు" అంటే అందరికీ తెలుసు.

అలాంటి మండలంలోకి ఒక శుభముహూర్తాన పథకం ప్రవేశించింది. దాని పేరు "గుర్తిద్దాం - గట్టెక్కిద్దాం". చూడి ఆవు ఈనేటప్పుడు కష్టపడబోతోందని ముందుగా పసిగట్టడం ఎలాగో రైతులకు నేర్పాలని దాని ఉద్దేశం. ఉద్దేశం బంగారం లాంటిది. ఉద్దేశాల దగ్గర మన వాళ్ళెప్పుడూ తప్పు చెయ్యరు. కష్టప్రసవ లక్షణాలు ఇరవై నాలుగు అని అచ్చువేసిన కాగితాలు వచ్చాయి, గోడల మీద బొమ్మలు పడ్డాయి, మూడు రోజుల శిక్షణ జరిగింది. ఉమ్మనీటి సంచి పగిలి గంట దాటినా గిట్టలు కనిపించకపోతే ఊరుకోవద్దని, ఒక కాలే బయటికొచ్చి రెండోది రాకపోతే కబురు పెట్టమని, ముక్కీ ముక్కీ అలిసిపోయి ఆవు ముక్కడం మానేస్తే అది నిమ్మళం కాదు, ముంచుకొస్తున్న ముప్పు అని అప్పలసూరి గొంతు బొంగురుపోయేలా చెప్పాడు.

ఆ శిక్షణలో అందరికంటే బాగా నేర్చుకున్నది జాజివలస ఎర్నమ్మ. అక్షరమ్ముక్క రాని యాభై అయిదేళ్ళ మనిషి ఇరవై నాలుగు లక్షణాలూ పాఠంలా అప్పజెప్పింది. దానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట ఆమె ఆవు ఈనుతూ చచ్చిపోయింది. పొద్దుటి నుంచి ఒక కాలు బయటికి వేలాడుతుంటే, రెండోది కూడా అదే వస్తుందిలే అని ఊరంతా చుట్టూ కూర్చుని చూశారు. తీరా అప్పలసూరి వచ్చేసరికి దూడా దక్కలేదు, ఆవూ దక్కలేదు. ఆ ఆవుకి అంతకుముందు ఈతలో పుట్టిన పెయ్యే ఇప్పుడున్న నూకాలు. గంజి పోసి, తవుడు కలిపి బిడ్డలా పెంచుకుంది ఎర్నమ్మ. ఇప్పుడది తొలిచూలు చూడితో ఉంది. ఎర్నమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు, నూకాలే ఉంది.

శిక్షణ ఫలించింది. అక్కడే వచ్చింది చిక్కు.

మూడు నెలలు తిరిగేసరికి జిల్లా పశువైద్యాధికారి పుండరీకాక్షుడుగారు సమీక్షా సమావేశం పెట్టారు. తెర మీద ముంతగెడ్డ మండలం కేసుల గీత తాటిచెట్టెక్కినట్టు పైకి పోతోంది. దాన్ని చూసి ఆయన ముఖం కందగడ్డ అయింది.

"శిక్షణకు పూర్వము ఈ మండలమందు నెలకు నమోదైన కష్టప్రసవములు రెండు. శిక్షణ అనంతరము ముప్ఫై ఎనిమిది. గణాంకములు అబద్ధమాడవు. దీనినిబట్టి తేలునదేమి?" అన్నారాయన.

ఆయనే తేల్చారు. "కష్టప్రసవములకు మూలకారణము వాటిని గుర్తించుట."

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. "సార్, మునుపు కూడా అన్నే ఉండీవండి. ఎవులికీ తెలీక మాకు కబురు ఎట్టీవారు కాదు. ఆవులు సచ్చిపోయీవి. ఇప్పుడు కబురెడతన్నారు, బతుకుతన్నాయి."

"చచ్చిపోయిన ఆవుల యజమానులు కష్టప్రసవమని దరఖాస్తు చేసుకున్నారా?"

"నేదండి."

"పోనీ, ఆవులు ఏమైనా తెలియజేసినవా?"

"సచ్చిపోయాయి కదండి, అవేటి సెప్తాయి?"

"అనగా ఎటువంటి ఫిర్యాదూ లేదు," అని పుండరీకాక్షుడుగారు చేతిలోని కలం మూతపెట్టేశారు. కలం మూతపడిందంటే జిల్లాలో ఆ విషయం మీద జ్ఞానం సంపూర్ణమైనట్టే.

మర్నాటి నుంచి లక్షణాల తొలగింపు మొదలైంది. అందులోనూ శాస్త్రీయ పద్ధతి ఉంది. ఏ లక్షణం వల్ల ఎక్కువ కేసులు వస్తున్నాయో దాన్ని ముందు కొట్టేయాలి. "ఉమ్మనీటి సంచి పగిలి గంట దాటుట" అన్నదాని వల్ల నెలకి పదకొండు కేసులు వస్తున్నాయని తేలింది, దాన్ని కొట్టేశారు. ఆ ఒక్క గీతతో పదకొండు ఆవుల కష్టం తీరిపోయింది. అధికారిక వైద్యచరిత్రలో ఇంత తొందరగా, ఇంత తక్కువ సిరాతో నయమైన జబ్బు మరొకటి లేదు. రెండో వారం "ఒక కాలు మాత్రమే బయటకు వచ్చుట" పోయింది. మూడో వారం "గిట్టల అడుగు భాగం ఆకాశం వైపు ఉండుట" పోయింది. గోడల మీద రాతలకి సున్నం కొట్టారు. ఆవు బొమ్మ మాత్రం బాగుందని ఉంచి, దాని మూతికి పెయింటరు చేత చిన్న నవ్వు గీయించారు.

ఆ పైన గుంపులు గుంపులుగా కొట్టేస్తూ పోయి, రెండు నెలలు గడిచేసరికి జాబితాలో కొత్తగా చేర్చిన ఒకే ఒక్క లక్షణం మిగిల్చారు. "ఆవు స్వయముగా హాజరై తన కష్టమును లిఖితపూర్వకముగా తెలియజేయుట." దాన్ని కూడా తీసెయ్యవచ్చునని కొందరు సూచించారు గానీ, ప్రజాస్వామ్యంలో ఫిర్యాదుకి ఒక తలుపు తెరిచి ఉంచాలని పుండరీకాక్షుడుగారు పట్టుబట్టారు. పైగా "కష్టప్రసవం" అనే మాట వాడకూడదని, అవసరమైన చోట "విలంబిత సుఖప్రసవం" అని రాయాలని ఉత్తర్వు వచ్చింది.

కాగితం సంగతి సరే, ఆవులకి ఈ సవరణలు అందినట్టు లేదు. అవి పాత పద్ధతిలోనే కష్టపడుతున్నాయి. అప్పలసూరి ఫోను మోగుతూనే ఉంది. పాపం, అతనేం చేస్తాడు? స్కూటరేసుకుని పోయి దూడని తీసి, వచ్చాక రిజిస్టరులో "గాలికుంటు టీకా వేయడమైనది" అని రాసుకునేవాడు. మండలంలో అన్నిటికీ అసలు టీకాలు ముందే వేసి ఉన్నాయి కాబట్టి, ఆ లెక్కన మూడు నెలల్లో ముంతగెడ్డ మండలంలో ఉన్న పశువుల కంటే టీకా వేయించుకున్న పశువులు ఎక్కువైపోయాయి. పుండరీకాక్షుడుగారు ముచ్చటపడి ప్రశంసాపత్రం పంపారు. తరవాత ఎవరో కిట్టనివాడు ఉప్పందించాడు. టీకా వేసేవాడికి భుజం దాకా సబ్బెందుకని ఆరా తీశారు. వెంటనే మరో సర్క్యులరు దిగింది.

"ప్రసవ సమయమున ఆవు నందు హస్తప్రవేశము చేయుట అనగా కష్టము కలదని అంగీకరించుటయే. కావున ఇకపై ఏ ఉద్యోగియూ అట్లు చేయరాదు. చేసినచో శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

ఆ కాగితం పట్టుకుని అప్పలసూరి ఆ పూటంతా అన్నం తినలేదు. ఎన్నో మెమోలు తీసుకున్నాడు గానీ తన చేతికి విడిగా మెమో రావడం ఇదే మొదలు.

అంతలో కబురొచ్చింది. ముంతగెడ్డను రాష్ట్రంలోనే తొలి "కష్టప్రసవ రహిత మండలం"గా ప్రకటించబోతున్నారు. రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వస్తుంది, వాళ్ళ కళ్ళెదుట ఒక ఆవు సుఖంగా ఈనాలి. ఏ ఆవు? చూలు కట్టేందుకు సూది వేసిన తేదీల రిజిస్టరు తీసి, రెండు వందల ఎనభై రోజులు లెక్కగట్టి, కార్యక్రమం తేదీకి సరిపోయే ఆవుని వెతికారు. అది ఎర్నమ్మ నూకాలు.

"తొలిచూలు సార్. ఒళ్ళు సిన్నది. కడుపులో దూడ పెద్దదిగా ఉంది," అన్నాడు అప్పలసూరి.

"అవి ఏ లక్షణములు?"

"జాబితాలోంచి తీసేసినవండి."

"అయితే లేవు," అన్నారు పుండరీకాక్షుడుగారు.

అనుకున్న రోజుకి జాజివలసలో షామియానా వేశారు. నూకాలుని గుంజకి కట్టి కొమ్ములకి రిబ్బన్లు చుట్టారు. పక్కన శిలాఫలకం, దాని మీద పట్టుతెర, తెరకి తాడు. పదింటికి కార్లు దిగాయి. పదింబావుకి నూకాలు నొప్పులు మొదలుపెట్టింది. ప్రభుత్వం చెప్పిన తేదీకి, చెప్పిన వేళకి మొదలైన పని ఆ మండలంలో అదొక్కటే. కమిటీ చైర్మనుగారు తెల్ల సఫారీ సూటులో ముందు వరసలో కూర్చుని వాచీ చూసుకుని మెచ్చుకోలుగా తలాడించారు.

పదిన్నరకి ఉమ్మనీటి సంచి పగిలింది. చప్పట్లు కొట్టారు. పదకొండుంబావుకి ఒక గిట్ట బయటికొచ్చింది. మళ్ళీ చప్పట్లు. పుండరీకాక్షుడుగారు మైకు అందుకుని, "నాలుగు కాళ్ళలో ఒక కాలు విడుదల అయినది. ప్రగతి ఇరవై ఐదు శాతము!" అని ప్రకటించారు.

పదకొండూ నలభైకి కూడా ప్రగతి ఇరవై ఐదు శాతం దగ్గరే ఉంది. నూకాలు నేల మీద పడుకుని, నాలిక బయటపెట్టి రొప్పుతోంది. ఎర్నమ్మ ఆవు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క కాలు వైపు చూసింది, అప్పలసూరి వైపు చూసింది. ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"సూరిబాబూ, దీని తల్లికీ ఇలాగే ఒక్క కాలే వొచ్చింది," అంది.

"నాకు తెలుసు పిన్నీ."

"తెలిస్తే నిలబడి సూస్తావేటి? సెయ్యి ఎట్టు బావూ!"

అప్పలసూరి పోయి పుండరీకాక్షుడుగారి చెవిలో చెప్పాడు, తల వెనక్కి తిరిగిపోయి ఉంటుందని, ఇంకో అరగంట చూస్తే రెండు ప్రాణాలూ పోతాయని.

"హస్తప్రవేశమా? కమిటీ ఎదుటనా?" అని ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. "అది విలంబిత సుఖప్రసవమయ్యా. విలంబమన్న తరువాత ఆలస్యం కాదూ?"

నూకాలు ముక్కడం మానేసింది. "చూశారా, ఎంత ప్రశాంతముగా ఉన్నదో!" అని చైర్మనుగారు మురిసిపోయారు. సభ్యులిద్దరూ ఆ ప్రశాంతతను నోటు చేసుకున్నారు.

అప్పుడు అప్పలసూరికి తిక్క రేగింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆఫీసర్ల భాష వినీ వినీ వంటబట్టిందేమో, తిన్నగా చైర్మనుగారి ముందుకెళ్ళి నమస్కారం పెట్టాడు.

"అయ్యా, తమరు మండలానికి వేంచేసినప్పుడు మావోళ్ళు ఎక్కడ స్వాగతం పలికారండి?"

"సరిహద్దు దగ్గర. పూలమాలలతో. ఎందుకు?"

"మరి దూడ కూడా అతిథే కదండి. సరిహద్దు దాకా వొచ్చి, సెయ్యి సాపి, అరగంట నుంచి నిలబడిపోయింది. మన శాఖ తరఫున ఎవులూ ఎదురెల్లనేదు. కమిటీ ఎదుట ఇంత ప్రోటోకాల్ లోపం... రేపు పేపర్లో ఏటి రాస్తారో అని భయంగా ఉందండి."

ప్రోటోకాల్ లోపం అన్న మాట చెవిన పడగానే చైర్మనుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రాణాలు పోతాయంటే కదలని మనుషులు ప్రోటోకాల్ అంటే కదులుతారని అప్పలసూరికి తెలుసు. "ఇప్పటివరకు ఎవ్వరూ ఎదురేగలేదా! ఏమిటీ నిర్లక్ష్యం?" అన్నారాయన. పుండరీకాక్షుడుగారికి చెమటలు పట్టాయి. అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. "నవజాత దూడను సరిహద్దు నందు ఎదుర్కొని సగౌరవముగా తోడ్కొని వచ్చుటకు శ్రీ అప్పలసూరిని నియమించడమైనది." సంతకం పెట్టి, ముద్ర కొట్టే లోపలే అప్పలసూరి చొక్కా విప్పేసి భుజం దాకా సబ్బు పూసుకుంటున్నాడు.

చెయ్యి లోపలికి పోయింది. అతను కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళకి మెడ తగిలింది. తల పక్కటెముకల వైపు తిరిగి ఉంది. రెండో కాలు మోకాలి దగ్గర మడతపడి ఉంది. దూడ నోట్లో వేలు పెట్టాడు. చిన్నగా చీకింది.

"బతికే ఉంది పిన్నీ!" అని అరిచాడు. ఎర్నమ్మ భోరుమంది.

తలకి చోటు కావాలంటే బయటికొచ్చిన కాలిని ముందు లోపలికి నెట్టాలి. నెట్టాడు. గిట్ట మాయమైంది. సభలో హాహాకారాలు రేగాయి.

"ప్రగతి సున్నా అయినది! ఏమిటయ్యా ఇది?" అని పుండరీకాక్షుడుగారు మైకులోనే కేక పెట్టారు.

"అతిథి సామాన్లు మరిచిపోయి ఎనక్కెల్లాడండి, వొచ్చేస్తాడు," అన్నాడు అప్పలసూరి పళ్ళ బిగువున. భుజం నరాలు తెగిపోయేలా ఉన్నాయి. మూతి పట్టుకుని తలని ఇటు తిప్పాడు. గిట్ట లోపల గీరుకోకుండా గుప్పిట్లో దాచుకుని, మడతపడ్డ మోకాలిని ముందుకి లాగాడు. రెండు కాళ్ళూ, వాటి మీద మూతీ ఒక వరసకొచ్చాయి. ఇక లాగాలి. లాగడానికి తాడు కావాలి. తన తాడు ఆఫీసులో ఉంది, హస్తప్రవేశ సామగ్రి కింద జప్తు చేసి బీరువాలో పెట్టారు. చుట్టూ చూశాడు. శిలాఫలకానికి కట్టిన పట్టుతాడు కనిపించింది.

"పిన్నీ, ఆ తాడు తే!"

ఎర్నమ్మ ఒక్క ఊపులో పీక్కొచ్చింది. దాన్ని దూడ కాళ్ళకి తగిలించి రెండో కొస చైర్మనుగారి చేతిలో పెట్టాడు అప్పలసూరి.

"ఆవిష్కరణ తమరి సేతుల మీదుగానే జరగాలండి. ఆవు ముక్కినప్పుడల్లా లాగండి. కిందికి, కాళ్ళేపు. అది ఆగితే తమరూ ఆగండి."

చైర్మనుగారు జీవితంలో వంద ఆవిష్కరణలు చేశారు గానీ ఇంత బరువైన తెర ఎన్నడూ లాగలేదు. సభ్యులిద్దరూ చెయ్యి వేశారు. పుండరీకాక్షుడుగారు కూడా వెనక నుంచి చైర్మనుగారి నడుం పట్టుకున్నారు. నూకాలు ముక్కినప్పుడల్లా రాష్ట్రస్థాయి, జిల్లాస్థాయి కలిసి లాగాయి. అయిదోసారి ముక్కినప్పుడు తల వచ్చింది, ఏడోసారికి భుజాలు వచ్చాయి, ఆ పైన దూడ మొత్తం ఒక్కసారిగా జర్రున జారి చైర్మనుగారి తెల్ల సఫారీ మీద పడింది. ఆయన దూడతో సహా వెల్లకిలా పడ్డారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దూడలో కదలిక లేదు. అప్పలసూరి దాని ముక్కులోని జిగట తుడిచి, గడ్డిపరకతో ముక్కుపుటం లోపల గెలికాడు. మళ్ళీ గెలికాడు. ఎర్నమ్మ చీరకొంగుతో దాని పక్కలు రుద్దుతూ, "లే తల్లీ, లే తల్లీ," అంటోంది. దూడ చటుక్కున తుమ్మింది. ఆ తుమ్ముతో చైర్మనుగారి మొహం మీద మిగిలిన పొడిచోటు కూడా తడిసింది. నూకాలు నెమ్మదిగా మెడ తిప్పి, దూడనీ చైర్మనుగారినీ తేడా తెలీకుండా ఇద్దర్నీ నాకడం మొదలుపెట్టింది. అప్పుడు ఊరు ఊరంతా నవ్వింది. అప్పలసూరి మాత్రం ఏడ్చాడు. చెయ్యి ఎత్తి కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి లేవలేదు.

కమిటీ నివేదికలో ఏ లోపమూ లేదు. "ఆవు సుఖముగా ఈనినది. స్వాగత కార్యక్రమము ఆత్మీయముగా జరిగినది. స్థానిక పశువు కమిటీ పట్ల కనబరచిన ఆప్యాయత మరువరానిది." ముంతగెడ్డ కష్టప్రసవ రహిత మండలమైంది.

మూడో రోజునే అప్పలసూరికి ఉత్తర్వు వచ్చింది. "కష్టప్రసవములు లేని మండలమందు కష్టనివారణ సిబ్బంది కొనసాగింపు అనవసరమైనందున, శ్రీ అప్పలసూరిని సముద్రతీరమందలి చేపపిల్లల ఉత్పత్తి కేంద్రమునకు బదిలీ చేయడమైనది." చేపలు గుడ్లు పెడతాయి, అక్కడ అతని చెయ్యి ఎవరికీ అక్కర్లేదు. రిలీవింగు కాగితం చేతిలో పెట్టి, కొత్తచోట చేరడానికి ఆరు రోజులు గడువిచ్చారు.

బస్టాండుకి ఎర్నమ్మ గిన్నెడు జున్ను పట్టుకొచ్చింది. బస్సు వచ్చి ఆగింది. అప్పలసూరి పెట్టె పైకి ఎత్తించి, మెట్టు మీద కాలు పెట్టాడు. అదే సమయానికి గెడ్డవాగు అవతల నుంచి ఓ రైతు మోటారు సైకిలు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చాడు.

"సెయ్యిబాబూ! నా గేదె పొద్దుట్నుంచి నొప్పులు పడతంది. తోకొక్కటే కనిపిస్తంది. కాళ్ళు నేవు, మూతి నేదు!"

తోక ముందొచ్చిందంటే దూడ లోపల వెనక్కి తిరిగి కూర్చున్నట్టు. అలవాటు కొద్దీ అప్పలసూరి, "నాను సెయ్యి ఎట్టకూడదు కదా, ఆర్డరు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. జేబులోంచి రిలీవింగు కాగితం తీసి మళ్ళీ చదువుకున్నాడు. ఈరోజు పూర్వాహ్నం నుంచి సదరు ఉద్యోగి ముంతగెడ్డ మండల విధుల నుంచి విముక్తుడు. చేపల కేంద్రంలో ఇంకా చేరలేదు. ఈ ఆరు రోజులూ అతను ఎవరి ఉద్యోగీ కాదు, ఈ చెయ్యి ఎవరి సర్క్యులరు కిందికీ రాదు. అతనికి నవ్వాగలేదు. మెట్టు మీంచి కాలు తీసి, చొక్కా చెయ్యి మడిచాడు.

"ఓయ్, ఎక్కుతావా నేదా?" అని కండక్టరు కేకేశాడు.

"నువ్వెల్లు బావూ," అన్నాడు అప్పలసూరి, మోటారు సైకిలెక్కుతూ. "బస్సు రేపూ ఉంటాది."